ముందు రాజ్యం, తర్వాత మూలపురుషుడు: తొలి మధ్యయుగ ఐర్లండ్‌లో రాజవంశాల పుట్టుక

క్రీ.శ. 700 నాటికి ఐర్లండ్ ద్వీపం మీద ఒకే సమయంలో కనీసం 150 మంది రాజులు ఏలుతూ ఉండేవారని ఆ కాలపు చరిత్రను మథించినవారి అంచనా. ద్వీపం మొత్తం జనాభా ఐదు లక్షలకు మించి ఉండదని అనుకుంటే, సగటున ఒక్కో రాజు ఏలుబడిలో ఉన్నది మూడు వేల మంది. రోమన్ సామ్రాజ్యం ఎన్నడూ జయించని ఆ దేశంలో అప్పటికి నగరాలు లేవు, నాణేల చలామణీ లేదు, పన్నులు వసూలు చేసే యంత్రాంగమూ లేదు. అయితే క్రైస్తవంతో పాటు వచ్చిన చదువును ఐరిష్ పండితులు రెండు చేతులా అందిపుచ్చుకున్నారు. మఠాల్లో, న్యాయ పాఠశాలల్లో కూర్చుని ధర్మశాస్త్రాలు, ఏటేటా జరిగిన ఘటనలను నమోదుచేసే వృత్తాంతాలు, సాధువుల చరిత్రలు రాశారు. వీటన్నిటితో పాటు, ఆ కాలపు ఐరోపాలో మరే ప్రాంతానికీ లేనంత విస్తారమైన రాజవంశావళులను కూర్చారు. 12వ శతాబ్దం మొదటి భాగంలో రాసిన, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రాలిన్‌సన్ బి 502 అనే రాతప్రతిలోనే వేలాది పేర్లు వరుస కట్టి కనిపిస్తాయి.

ఇన్ని పేర్లున్నాయి కదా అని వీటిని పుట్టుపూర్వోత్తరాల చిట్టాలుగా నమ్మితే చరిత్రకారుడు దారి తప్పుతాడు. ఫలానా రాజు ఫలానా వీరుడికి మునిమనవడని వంశావళి చెబుతున్నప్పుడు, ఆ మాట ఏ ఏట రాశారు, అప్పుడు ఎవరి చెయ్యి పైన ఉంది, ఎవరు ఎవరికి కప్పం కడుతున్నారు అన్నవి ముందు అడగాలి. ఎందుకంటే ఆ సమాజంలో రాజకీయ సంబంధాన్ని చెప్పడానికి అందరికీ అర్థమయ్యే భాష బంధుత్వమే. పొత్తు కుదిరితే పూర్వీకులు అన్నదమ్ములయ్యేవారు. పొత్తు చెడితే ఆ అన్నదమ్ముల్లో ఒకడు శాపగ్రస్తుడయ్యేవాడు.

అన్నిటికంటే చిన్న రాజ్యాన్ని తూఅథ్ అనేవారు. 700 ప్రాంతంలో రాసిన క్రీథ్ గబ్లఖ్ అనే ధర్మశాస్త్ర గ్రంథం ఆ సమాజంలోని అంతస్తులను కింది నుంచి పైదాకా వరుసగా వర్ణించి, చివరికి రాజు దగ్గరకు వస్తుంది. రాజుల్లోనూ మెట్లున్నాయి. ఒక్క తూఅథ్‌కు రాజు, కొన్ని తూఅథ్‌ల మీద పెత్తనం ఉన్న రాజు, అలాంటి పెద్ద రాజుల మీద కూడా పెద్దరికం చెలాయించే రాజు. ప్రతి మనిషికీ హోదాను బట్టి ఒక గౌరవ మూల్యం ఉండేది. అతన్ని అవమానించినా, అతని రక్షణలో ఉన్నవారికి హాని చేసినా చెల్లించాల్సిన పరిహారం అది. కింది మెట్టు రాజుకు దాన్ని ఏడు కుమల్‌లుగా ఈ గ్రంథం నిర్ణయించింది. కుమల్ అంటే ఒక బానిస స్త్రీ ఖరీదును ప్రమాణంగా పెట్టుకున్న కొలమానం. ఆ ఒక్క సంగతి చాలు, ఆ సమాజపు అడుగున ఏముందో తెలియడానికి.

ఇదే గ్రంథం రాజు వారం రోజులను ఎలా గడపాలో కూడా చెబుతుంది. ఆదివారం తన వాళ్లకు మద్యం పోసి విందు చెయ్యాలి. సోమవారం తగువులు తీర్చాలి. మంగళవారం ఫిద్‌ఖెల్ అనే బల్ల మీద ఆడే ఆట, బుధవారం వేటకుక్కల పరుగు చూడటం, గురువారం దాంపత్యం, శుక్రవారం గుర్రప్పందాలు, శనివారం తీర్పులు. ఇది నిజజీవితంలో అమలైన దినచర్య కాదు, శాస్త్రకారుడు గీసిన ఆదర్శ చిత్రం. అయినా ఇందులో చట్టాలు చెయ్యడం, సేనలు పోషించడం, పన్నులు విధించడం వంటివేవీ లేకపోవడం గమనించదగ్గది. ఈ రాజు తన జనంలో ఒకడు. అతని ఇంటికి వచ్చేవాళ్లే అతని బలం. సాటి రాజుల నుంచి బందీలను తెచ్చి తన దగ్గర పెట్టుకోగలిగితేనే అతని మాటకు సరిహద్దు అవతల విలువ. కాబట్టి పై మెట్టు రాజు కింది తూఅథ్‌ను కబళించనక్కర్లేదు. దాని రాజు చేత ఒప్పందం చేయించుకుని, పశువులను కానుకగా ఇచ్చి, బదులుగా కప్పమూ యుద్ధసాయమూ బందీలూ తీసుకుంటే సరిపోయేది.

ఇంతకుముందు కాలపు ఆనవాళ్లు రాళ్ల మీద ఉన్నాయి. నిలువుగీత అంచున గంట్లు పెట్టి రాసే ఓగమ్ లిపిలో దాదాపు 400 శాసనాలు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం నైరుతి, దక్షిణ ప్రాంతాలైన కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్‌లవి. ఎక్కువగా 5, 6 శతాబ్దాలకు చెందిన ఈ రాళ్లు చనిపోయినవాడి పేరు, తండ్రి పేరు, అతని తెగ పేరు చెబుతాయి. కెర్రీలోని డింగిల్ ద్వీపకల్పపు రాళ్ల మీద ఒక తెగ తన మూలాన్ని దోవినియా పేరుతో చెప్పుకుంది. ఆమె దేవత అని పండితుల అభిప్రాయం. అంటే పాత తెగలు తమ ఆదిని మనిషిలో కాక దైవంలో వెతుక్కున్నాయి. 7వ శతాబ్దపు రాతల్లోకి వచ్చేసరికి అధికారంలో ఉన్నవాళ్ల పేర్ల తీరే మారిపోయింది. ఇప్పుడు వాళ్లు ఫలానా మనిషి మనవలు, ఫలానా మనిషి సంతతి. ఆ మనిషి కూడా ఎక్కడో పురాణకాలంలో ఉన్నవాడు కాడు, రెండు వందల ఏళ్ల కిందటివాడు. తెగల మీద కుటుంబాలు పైచేయి సాధించిన ఈ మార్పు తొలి మధ్యయుగ ఐర్లండ్ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మార్పు. అయితే అది జరుగుతున్నప్పుడు రాసిపెట్టినవాళ్లు లేరు. మనకు దొరికేదంతా గెలిచిన కుటుంబాలు తర్వాత చెప్పుకున్న కథే.

ఆ గెలిచినవాళ్లలో అందరికంటే పెద్దవాళ్లు ఉయి నేల్ వంశం. 5వ శతాబ్దంలో జీవించాడని భావించే నియల్‌ను వీళ్లు మూలపురుషుడిగా చెప్పుకున్నారు. తొమ్మిది మంది బందీలను పట్టి తెచ్చినవాడని అతనికి పేరు. అతని కొడుకుల్లో ఎయోగన్, కొనల్ గుల్బన్ వాయవ్యానికి వెళ్లి రాజ్యాలు స్థాపించారని, మిగిలినవాళ్లు రాజత్వానికి పేరుపడ్డ తారా కొండ చుట్టూ ఉన్న మధ్య మైదానాల్లో స్థిరపడ్డారని సంప్రదాయం. ఆ మైదానాలు అంతకుముందు ఆగ్నేయ ప్రాంతమైన లెన్‌స్టర్ వాళ్లవి. 516లో జరిగిన ద్రుయిమ్ దెర్గె యుద్ధంతో మీదె మైదానం లెన్‌స్టర్ వాళ్ల చేయి జారిపోయిందని అల్‌స్టర్ వృత్తాంతం నమోదు చేసింది. ఓడినవాళ్లు తమ పాత భూమిని మరిచిపోలేదు. శతాబ్దాల పాటు ఆ ఆక్రోశం లెన్‌స్టర్ కవిత్వంలో వినబడుతూనే ఉంది.

నియల్ కొడుకుల గురించి మనకున్న పాత కథనాల్లో ఒకటి తీరెఖాన్ అనే మతాధికారి 7వ శతాబ్దం చివరి భాగంలో లాటిన్‌లో రాసినది. ఐర్లండ్‌లో క్రైస్తవాన్ని ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ ఊరూరా తిరిగి చర్చిలు కట్టిన ప్రయాణాన్ని ఆయన వర్ణించాడు. పాట్రిక్ తైల్తియు అనే చోటికి వచ్చినప్పుడు నియల్ కొడుకు కొయిర్‌ప్రె అతన్ని చంపబోయాడట, అతని సేవకులను నదిలో కొరడాలతో కొట్టించాడట. అప్పుడు పాట్రిక్, నీ సంతతి నీ సోదరుల సంతతికి ఊడిగం చేస్తుంది, నీ బిడ్డల్లో ఎన్నటికీ రాజు పుట్టడు అని శపించాడు. తర్వాత మరో కొడుకు కొనల్ (వాయవ్యానికి వెళ్లిన కొనల్ గుల్బన్ కాదు, అదే పేరున్న అతని సోదరుడు) ఇంటికి వెళితే అతను సంతోషంగా ఎదురొచ్చి బాప్తిస్మం తీసుకుని, తన ఇంటి స్థలాన్నే చర్చికి ఇచ్చేశాడు. పాట్రిక్ తన పాదంతో కొలిచి 60 అడుగుల చర్చి కట్టించి, ఈ చర్చి క్షీణిస్తే నీ రాజ్యమూ ఎక్కువ కాలం నిలవదని చెప్పాడు.

ఈ కథను పక్కన ఉన్న ఆధారాలతో కలిపి చదివితే అసలు సంగతి బయటపడుతుంది. 5వ శతాబ్దం చివరి ఎంట్రీల్లో లెన్‌స్టర్ మీద యుద్ధాలు గెలిచినవాడిగా వృత్తాంతాలు పేర్కొన్న నియల్ కొడుకు ఈ కొయిర్‌ప్రెయే. 6వ శతాబ్దం మొదటి భాగంలో తారా రాజ్యం ఏలిన తూఅథల్ మాయిల్‌గార్వ్ అతని మనవడే. అంటే రాజు పుట్టడని శపించిన వంశంలో నిజంగానే రాజు పుట్టాడు, తీరెఖాన్ పుట్టకముందే చనిపోయాడు. అయితే తీరెఖాన్ కలం పట్టేనాటికి కొయిర్‌ప్రె వంశం చితికిపోయి మారుమూలలకు చేరింది. కొనల్ వంశంలో పుట్టిన ఫిన్‌స్నెఖ్తా 675 నుంచి 695 దాకా తారా రాజు. చర్చికి భూమి కావాలి, రక్షణ కావాలి. అవి ఇవ్వగలిగినవాడు కొనల్ వారసుడే. వరమూ శాపమూ 5వ శతాబ్దపు పాట్రిక్ నోటి నుంచి వచ్చినట్టున్నా, వాటిని తూచి ఇచ్చింది 7వ శతాబ్దపు రాజకీయం.

కొనల్ మనవడు దియర్మత్ మాక్ కెర్వల్ విషయంలో ఈ దిద్దుబాటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 560 ప్రాంతంలో అతను తారా విందు జరిపాడని వృత్తాంతాలు చెబుతాయి. రాజుకు నేలతో పెళ్లి చేసే పాత సంప్రదాయపు ఉత్సవం అది, అదే ఆఖరిది కూడా. కానీ స్కాట్లండ్ తీరంలోని అయోనా మఠాధిపతి అడోమ్నాన్ 700 ప్రాంతంలో ఆ మఠ స్థాపకుడైన సాధువు కొలంబా గురించి రాసిన చరిత్రలో ఇదే దియర్మత్‌ను దేవుడి సంకల్పంతో ఐర్లండ్ మొత్తానికి అభిషిక్తుడైన రాజు అన్నాడు. అడోమ్నాన్ కూడా ఉయి నేల్ వంశపువాడేనని గుర్తుంచుకోవాలి. తారా రాజు అంటే ద్వీపం మొత్తానికి రాజు అనే సిద్ధాంతం, ఆ పదవి ఎప్పుడూ నియల్ సంతతిదే అనే సిద్ధాంతం అప్పుడే రూపం దిద్దుకుంటున్నాయి.

ఆ రెండో సిద్ధాంతం అబద్ధమని ఒక తేనెటీగల చట్టం బయటపెట్టింది. బెఖ్‌వ్రెథా అనే 7వ శతాబ్దపు ధర్మశాస్త్రం తేనెపట్టుల యాజమాన్యం, పొరుగు పొలంలో మేసే తేనెటీగలకు పరిహారం, కుట్టినప్పుడు ఇవ్వాల్సిన జరిమానా గురించిన గ్రంథం. అందులో పూర్వ దృష్టాంతంగా కొన్‌గల్ కాయిఖ్ అనే రాజు ప్రస్తావన వస్తుంది. తేనెటీగ కుట్టడం వల్ల అతనికి ఒక కన్ను పోయిందని, అప్పటిదాకా తారా రాజుగా ఉన్న అతన్ని ఆ లోపమే పదవి నుంచి దించిందని ఆ న్యాయవేత్త రాశాడు. అంగలోపం ఉన్నవాడు రాజుగా ఉండరాదన్నది ఆ కాలపు నమ్మకం. ఇక్కడ ముఖ్యమైన విషయమేమిటంటే, ఈ కొన్‌గల్ ఉయి నేల్ వంశపువాడు కాడు. ఈశాన్యంలోని దాల్ నారది వంశస్థుడు, అల్‌స్టర్ రాజు. 637లో మాగ్ రోథ్ యుద్ధంలో ఉయి నేల్ రాజు దొవ్‌నల్ మాక్ ఆయిదో చేతిలో ఓడి చనిపోయాడు. తారా రాజుల అధికారిక జాబితాల్లో అతని పేరు లేదు. ఆ జాబితాలు కూర్చినవాళ్లు తేనెటీగల చట్టాన్ని దిద్దాలని అనుకోలేదు, అందుకే ఈ సాక్ష్యం మిగిలింది. రాజులను పొగడటానికి రాసిన పుస్తకం కంటే జరిమానాలు లెక్కగట్టడానికి రాసిన పుస్తకం ఇక్కడ ఎక్కువ నమ్మదగినది.

గెలిచినవాళ్ల మూలాలను దిద్దుకోవడం ఒక ఎత్తయితే, లోబడినవాళ్లకు తగిన మూలాన్ని కల్పించడం మరో ఎత్తు. ఉత్తర మధ్య ప్రాంతంలోని ఆర్గియల్లా అనే చిన్న రాజ్యాల కూటమి దీనికి మంచి ఉదాహరణ. వీళ్లు ఒకప్పుడు అల్‌స్టర్ పెత్తనం కింద ఉండి, తర్వాత ఉయి నేల్ వైపు చేరినవాళ్లు కావచ్చు. వీళ్లకు ముగ్గురు కొలాల కథను మూలంగా కట్టారు. ఈ ముగ్గురు అన్నదమ్ములు నియల్ ముత్తాతకు సోదరుడి కొడుకులట. వాళ్లు తమ పినతండ్రిని చంపి రక్తబంధువును చంపిన పాపం మూటగట్టుకున్నారు, అందువల్ల వాళ్ల సంతతికి తారా రాజ్యార్హత లేదు. తర్వాత వాళ్లు అల్‌స్టర్ రాజధాని ఎవన్ మఖాను తగలబెట్టి అక్కడి భూమిని గెలుచుకున్నారు. ఈ ఒక్క కథతో ఎన్ని పనులు జరిగాయో చూడాలి. ఆర్గియల్లా ఉయి నేల్‌కు జ్ఞాతులు కాబట్టి వాళ్లను బానిస తెగల్లా చూడకూడదు. పాపం చేసినవాళ్ల బిడ్డలు కాబట్టి సింహాసనం అడగకూడదు. కత్తితో గెలిచారు కాబట్టి వాళ్ల భూమి మీద అల్‌స్టర్‌కు హక్కు లేదు. హక్కులు, నిషేధాలు, సరిహద్దులు అన్నీ ఒక కుటుంబ కథలో ఇమిడిపోయాయి. ఎవన్ మఖాలో జరిగిన తవ్వకాలు ఈ కథను బలపరచలేదు. అక్కడ బయటపడిన 40 మీటర్ల వ్యాసం గల భారీ కొయ్య కట్టడపు నడిమి స్తంభాన్ని క్రీ.పూ. 95 ప్రాంతంలో నరికారని చెట్టు వలయాల లెక్క తేల్చింది. కట్టినవాళ్లే దాన్ని రాళ్లతో నింపి కావాలని తగలబెట్టినట్టు కనిపిస్తుంది. కథ ప్రకారం కొలాలు వచ్చింది క్రీ.శ. 4వ శతాబ్దంలో. 827లో లెథ్ కావ్ యుద్ధంలో ఉయి నేల్ ఉత్తర శాఖ అయిన కెనేల్ ఎయోగన్ చేతిలో ఆర్గియల్లా ఓడిపోయాక, బంధుత్వపు మర్యాద చాలావరకు మాటల్లోనే మిగిలింది.

రాజవంశాల లోపలి బతుకు బయటి యుద్ధాల కంటే తక్కువ కఠినమేమీ కాదు. పెద్ద కొడుకుకే రాజ్యం అనే నియమం లేదు. రాజు సంతతిలోని వయోజనులైన పురుషులు చాలామందికి అర్హత ఉండేది, పైగా రాజులకు అనేక మంది భార్యలు. కాబట్టి ప్రతి తరంలోనూ దాయాదుల పోరు తప్పేది కాదు. తండ్రో తాతో రాజుగా చెయ్యని శాఖ క్రమంగా పోటీ నుంచి తొలగిపోయేది. అలా తొలగినవాళ్లు ఊరికే ఉండరు కదా. వాళ్లు తమ కంటే చిన్నవాళ్లను భూముల నుంచి వెళ్లగొట్టి అక్కడ ప్రభువులయ్యేవారు, లేదా మఠాల్లో చేరి మఠాధిపతులయ్యేవారు. పాలకుల కుటుంబాలు పెరిగే కొద్దీ వాళ్ల కింది జనం నలిగి వాడిపోతారని 17వ శతాబ్దపు వంశావళికారుడు దుల్తఖ్ మాక్ ఫిర్విషి రాసిన మాట, ఐరిష్ సామాజిక చరిత్రకు ఇప్పటికీ తాళంచెవి లాంటిది. చిన్న తూఅథ్‌లను మింగినది తరచూ పరాయి దండయాత్ర కాదు, పాలక కుటుంబాల సంతానవృద్ధి.

ఒక్కోసారి ఈ పోరు ఒక పద్ధతిలో పడేది. లెన్‌స్టర్‌లో 727లో చనిపోయిన ముర్ఖద్ మాక్ బ్రయిన్ ముగ్గురు కొడుకుల శాఖలు మూడు వందల ఏళ్ల పాటు, 1042 దాకా, ఆ ప్రాంతపు రాజ్యాన్ని తమ మధ్యే తిప్పుకున్నాయి. తారా రాజ్యం 734 తర్వాత ఉత్తరాన కెనేల్ ఎయోగన్‌కూ, మధ్యాన మరో ఉయి నేల్ శాఖ క్లాన్ కోల్మాన్‌కూ మధ్య వంతులవారీగా నడిచింది. 10వ శతాబ్దంలో ఈ రెండు శాఖలకూ చెందని కొంగలఖ్ ఒక్కడే దీనికి మినహాయింపు.

పద్ధతిలో పడనప్పుడు ఏమయ్యేదో ఉయి నేల్ వారి బ్రెగా రాజ్యం చెబుతుంది. దియర్మత్ కొడుకు ఆయిద్ స్లానె సంతతి అక్కడ రెండుగా చీలింది. ఉత్తర శాఖ నౌత్ దగ్గర ఉండేది. క్రీస్తుకు మూడు వేల ఏళ్ల ముందు కట్టిన సమాధి దిబ్బ చుట్టూ కందకాలు తవ్వుకుని దాని మీదే నివాసం పెట్టుకుంది. దక్షిణ శాఖ లగోర్ సరస్సులో మనుషులు కట్టిన కృత్రిమ ద్వీపం మీద ఉండేది. 1930ల్లో హార్వర్డ్ బృందం ఆ ద్వీపాన్ని తవ్వినప్పుడు ఆయుధాలు, కొయ్య సామాను, గుట్టలకొద్దీ పశువుల ఎముకలతో పాటు మెడకు తగిలించే ఇనుప పట్టీ, గొలుసు దొరికాయి. 850లో ఉత్తర శాఖ రాజు కినాయిద్ మాక్ కొనింగ్ వైకింగ్‌ల సాయంతో తారా రాజు మాయిల్ షెఖ్‌నల్ మీద తిరగబడ్డాడు. షానన్ నది నుంచి సముద్రం దాకా దోచాడు, తన దాయాదుల లగోర్ ద్వీపాన్ని నేలమట్టం చేశాడు, ట్రెవెట్‌లోని ప్రార్థనా మందిరాన్ని లోపల ఉన్న 70 మందితో సహా తగలబెట్టాడు. మరుసటి ఏడు మాయిల్ షెఖ్‌నల్, లగోర్ రాజు తిగెర్నఖ్ కలిసి అతన్ని నీటిమడుగులో ముంచి చంపారు. ఐర్లండ్ పెద్దలూ, పాట్రిక్ పీఠమైన అర్మా మఠాధిపతీ అతని ప్రాణానికి పూచీ ఉన్నా లెక్కచెయ్యలేదని వృత్తాంతకారుడు బాధతో నమోదు చేశాడు. వంశావళిలో వీళ్లంతా ఒకే చెట్టు కొమ్మలు.

ఇలాంటి మూలాల కల్పనలో అందరికంటే ధైర్యం చేసినవాళ్లు నైరుతిలో తయారయ్యారు. మన్‌స్టర్ రాజ్యం శతాబ్దాలుగా కాషెల్ కొండ మీద ఉన్న ఎయోగనఖ్త వంశాలది. షానన్ నది దిగువన ఇప్పటి క్లేర్ ప్రాంతంలో ఉన్న ఒక చిన్న రాజ్యం వాళ్లను 8వ శతాబ్దంలో ఎవరూ రాజార్హులుగా లెక్కపెట్టలేదు. వాళ్లు దేశి అనే సామంత తెగల్లో ఒక భాగం. 10వ శతాబ్దంలో వాళ్లు దాల్ కాష్ అనే కొత్త పేరుతో వృత్తాంతాల్లోకి వచ్చారు. ఆ శతాబ్దం నడుమ వాళ్ల నాయకుడు మథ్‌గవన్ కాషెల్‌ను పట్టుకున్నాడు. 976లో అతను హతుడయ్యాక తమ్ముడు బ్రయాన్ బోరూ పగ్గాలు అందుకున్నాడు. దీనికి తగ్గ వంశావళి కూడా తయారైంది. ఎయోగనఖ్త మూలపురుషుడు ఎయోగన్‌కు (నియల్ కొడుకు కాదు, వేరే ఎయోగన్) కొర్మక్ కాస్ అనే సోదరుడు ఉన్నాడని, దాల్ కాష్ అతని సంతతి అని, మన్‌స్టర్ రాజ్యం రెండు వంశాలూ వంతులవారీగా ఏలాలని తండ్రి అయిలిల్ ఔలమ్ నాడే నిర్ణయించాడని అందులో రాశారు. ఉయి నేల్ శాఖల మధ్య నిజంగా నడిచిన వంతుల పద్ధతిని చూసి, ఎన్నడూ లేని వంతుల పద్ధతిని తమ గతానికి అతికించుకున్నారు. 1002లో ఉయి నేల్ రాజు బ్రయాన్ పెద్దరికానికి తలవంచాడు. 1005లో బ్రయాన్ అర్మాకు వెళ్లి బలిపీఠం మీద 20 ఔన్సుల బంగారం పెట్టినప్పుడు, అక్కడి పవిత్ర గ్రంథంలో అతన్ని ఐరిష్ జనుల చక్రవర్తి అని లాటిన్‌లో రాయించారు. తీరెఖాన్ రచనను భద్రపరిచినదీ ఆ గ్రంథమే.

ఆ తర్వాతి శతాబ్దంలో పండితులు ద్వీపంలోని దాదాపు ప్రతి పాలక వంశాన్నీ స్పెయిన్ నుంచి వచ్చారని చెప్పే, పురాణపురుషుడు మీల్ కొడుకులకు, అక్కడి నుంచి నోవహు దాకా ముడిపెట్టే మహా వంశవృక్షాన్ని పూర్తి చేశారు. ఈ ముడులను రక్తంలో వెతికే ప్రయత్నం మన కాలంలోనూ జరిగింది. వాయవ్య ఐర్లండ్‌లో ప్రతి ఐదుగురు పురుషుల్లో సుమారు ఒకరికి తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ ఒకే రకంగా ఉందని 2006లో డబ్లిన్ ట్రినిటీ కళాశాల పరిశోధకులు ప్రకటించగానే, అది నియల్ ముద్ర అని పత్రికలు ప్రచారం చేశాయి. ఆ గుర్తు నియల్ కంటే పాతదనీ, స్కాట్లండ్‌లోనూ విరివిగా ఉందనీ తర్వాతి లెక్కలు చూపాయి. ఒక వంశం శతాబ్దాల పాటు భూమిని, సంతానాన్ని పెంచుకుంటూ పోయిందనడానికి ఇది సాక్ష్యం కావచ్చు గానీ, ఒక మనిషి పేరును అది నిర్ధారించదు.

బ్రయాన్ 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో మరణించాక అతని వారసులకు కొర్మక్ కాస్‌తో పెద్దగా పని లేకుండా పోయింది. 1086 దాకా జీవించిన మనవడు తైర్దెల్వఖ్ తరం నుంచి వాళ్లు బ్రయాన్ సంతతిగా, ఓ'బ్రయన్‌లుగా నిలబడ్డారు. ఆ తైర్దెల్వఖ్ కొడుకు ముయిర్‌ఖెర్తఖ్ 1101లో కాషెల్ కొండను శాశ్వతంగా చర్చికి దానం చేశాడు. రాజుగా అతను పోగొట్టుకున్నది తక్కువే, అతని కోటలు వేరే చోట ఉన్నాయి. ఎయోగనఖ్త వంశాలకు మాత్రం తమ మూలకథ మొదలయ్యే స్థలమే చేజారింది. చర్చి భూమిని తిరిగి అడిగే దారి ఏ వంశావళిలోనూ లేదు.